మూత పెట్టిన పళ్లెం

అన్నా,

దుబాయ్ హోటల్ల స్టాఫ్‌కు వండేటోనివి నువ్వు. ఆఖరి షిఫ్ట్ నుంచి వచ్చేటోనికి ఒక పళ్లెం తీసి మూత పెట్టేటోనివి. నువ్వు శవపెట్టెల ఇంటికొచ్చి ఇయ్యాల్టికి ఏడాది.

పొద్దున నిన్ను దుబాయ్ పంపిన ఏజెంటు ఫోన్ చేసిండు. "మీ అన్న జాగ మళ్ల ఖాళీ అయింది. అదే వంటగది, అదే మంచం. వస్తవా?" సిగ్గులేదు వానికి.

ఇయ్యాల తెలంగాణ రాష్ట్రం కోసం కొండాపూర్ల వంటా వార్పు, రోడ్డు మీదనే వండి తినే ధర్నా. మా ఆఫీసు క్యాంటీనోళ్లమే వండినం. నాకు తెలువకుండనే ఒక పళ్లెం తీసి మూత పెట్టిన.

"ఎవరికిరా అది?" అన్నడు సెక్యూరిటీ మల్లన్న.

"మా అన్నకు."

"పిచ్చోడా, ఆకలైతుంది, ఇటు తే."

"ముట్టినవంటే చెయ్యి ఇరుగుతది!"

అందరూ పోయినంక ఏజెంటుకు రానని చెప్పిన. మూత తీసి, చల్లారిన అన్నం నేనే తిన్న. ఎనక నుంచి "ఉప్పు తక్కువైందిరా" అని నీ గొంతు వినపడ్డది.

నిజంగనే తక్కువైంది. తిరిగి చూడలె.