సూదిలో దారం ఎక్కిస్తున్న అమ్మ

ప్రియమైన పిన్నికి,

ఇన్నేళ్లూ చిన్నపిల్లల తరగతి చూసినదాన్ని, ఈ ఏడు బడివాళ్లు పెద్ద తరగతుల పిల్లలకు బొమ్మలు నేర్పే పని ఇచ్చారు. ఊరికే ఇవ్వలేదు. "పిల్లల్ని కళాకారులుగా ఎలా తయారుచేస్తారో ఒక పేజీ రాసివ్వండి" అన్నారు. వారం నుంచి బుర్ర గోక్కుంటున్నాను. నీ ముందుగదిలో మేమంతా నేల మీద బోర్లా పడుకుని గీసేవాళ్లం కదా, అప్పుడు నువ్వేం చేసేదానివో గుర్తు తెచ్చుకుందామంటే నీ తిట్లే గుర్తొస్తున్నాయి.

నా దగ్గర ఒక పిల్ల ఉంది. నోట్లో నాలుక లేదు గానీ మంచి పనితనం ఉంది. పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేసే స్టూడియోలో వచ్చే నెల ఎంపిక. వాళ్ల తాత నడుస్తున్నట్టు వేసింది. అంతా బాగుంది, కుడి పాదమే పిండిముద్దలా ఉంది. పెన్సిల్ లాక్కుని సరిచేద్దామని నా వేళ్లు ఒకటే దురద. చేస్తే తప్పా?

నీ ఉడుత

ప్రియమైన ఉడుతకి,

తప్పే. పిల్లల కాగితం మీద చెయ్యి పెట్టకు. పక్కన కూర్చుని నీ కాగితం మీద నువ్వు పాదం గియ్యి, దాన్ని చూడనీ. చెప్పులు విప్పించి దాని పాదాన్నే వందసార్లు గీయించు. ఏడిస్తే ఏడవనీ. ఆ పిండిముద్దతోనే స్టూడియోకి పంపు. వద్దంటే వద్దంటారు, ఇంటికొచ్చి మళ్లీ గీస్తుంది. మీ బడివాళ్లకి ఇదే రాసి పారెయ్.

నా మోకాళ్లు మొరాయిస్తున్నాయి. ఎందుకని అడగకు, మోకాళ్ల గురించైనా, ఈ పద్ధతి గురించైనా.

పిన్ని

ప్రియమైన పిన్నికి,

విరుచుకుపడకు. చేసేశాను. పిల్ల కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటుంటే ఏడు గీతలు గీశాను. బొటనవేలు, మడమ, అంతే. ఎంపికైంది! ఆ పాదంలో మనిషి బరువు కనిపిస్తోందని మెచ్చుకున్నారట. వాళ్లమ్మ వచ్చి నా చేతులు పట్టుకుని వదల్లేదు. పిల్లే ఎందుకో ముభావంగా ఉంది.

నువ్వు నా కాగితాన్ని ముట్టుకోలేదు, నిజమే. నాకు అవసరం రాలేదు కదా! పదిహేడేళ్లకే 'సూదిలో దారం ఎక్కిస్తున్న అమ్మ'ని వేశాను. బొమ్మల కాలేజీలో సీటు తెచ్చిపెట్టినవి ఆ బొమ్మలో అమ్మ వేళ్లే. ఆ వేసవిలోనే అమ్మ పోయింది, పోతూ పోతూ నా పనితనాన్నీ పట్టుకుపోయింది. నాలుగేళ్లు గీసినా అలాంటి వేలు మళ్లీ ఒక్కటి రాలేదు. అందుకేగా సొంత బొమ్మలు మానేసి పాఠాలకు దిగాను. ఈ పిల్లైనా గట్టెక్కనీ పిన్నీ.

నీ ఉడుత

ప్రియమైన ఉడుతా,

మూడు ఉత్తరాలు రాసి చించేశాను. ఇది పంపుతాను.

ఆ వేళ్లు నేను వేసినవి.

నువ్వు బొమ్మ సగంలో వదిలి రెండు రోజులు జ్వరంతో పడుకున్నావు. పక్కగదిలో అక్క మంచం దిగలేకుండా ఉంది, రెండు నెలలే అన్నాడు డాక్టరు. నీకు సీటొస్తే అక్క కళ్లారా చూస్తుందని నా ఆశ. నువ్వు వేసిన వేళ్లు చీపురుపుల్లల్లా ఉన్నాయి. రబ్బరు తీసుకున్నాను. అరగంట పట్టలేదు. నువ్వు లేచి చూసుకుని, "నేనింత బాగా వేశానా పిన్నీ?" అన్నావు. అవునే అన్నాను.

అక్క చూసింది, సంతోషపడింది. ఆ తర్వాతైనా చెప్పాల్సింది. వేళ్లు రావట్లేదని నువ్వు ఏడుస్తూ రాసినప్పుడల్లా చెబుదామనుకున్నాను. అమ్మ పట్టుకుపోయిందని నువ్వే ఒక కారణం వెతుక్కున్నావు. నాకు అదే సుఖంగా ఉండి, నోరు మూసుకున్నాను. నీ వేళ్లు ఎలా వచ్చేవో తెలియకుండానే మానేశావు. నీకు బొమ్మల్ని దూరం చేసింది మీ అమ్మ కాదు, నేను.

ఆ తర్వాత ఏ పిల్ల కాగితం మీదా చెయ్యి పెట్టలేదు. నా పద్ధతి అక్కడ పుట్టింది.

పిన్ని

పిన్నికి,

ప్రియమైన అని రాయడానికి చెయ్యి రావట్లేదు.

నీ ఉత్తరం చదివిన రోజే పిల్లని కూర్చోబెట్టి, పాదం సరిచేసింది నేనేనని చెప్పాను. "తెలుసు మేడం. మా తాతకి ఆ కాలికి బొటనవేలు లేదు" అంది. మరి అప్పుడే చెప్పలేదేం అన్నాను. "మీరు వేశారుగా. వేలుంటేనే బొమ్మ బాగుంటుందేమో అనుకున్నా" అంది. మర్నాడు స్టూడియోకి వెళ్లి పాదం తను వేసింది కాదని చెప్పేసిందట. వాళ్లు వద్దన్నారు.

వారం నుంచి తరగతికి రావట్లేదు. ఇంటికి వెళ్తే తాత తలుపు తీశాడు. ముందుగా ఆయన పాదమే చూశాను. అచ్చం పిల్ల వేసినట్టే ఉంది. లోపలి నుంచి "రానని చెప్పు తాతా" అని వినిపించింది. బడివాళ్ల పేజీ ఇంకా ఖాళీగానే ఉంది.

పద్దెనిమిదేళ్లు అమ్మ మీద అలిగాను పిన్నీ, ఏ పాపం తెలియని మనిషి మీద. నిన్న క్షమించమంటూ అమ్మ చేతులు గీద్దామని కూర్చున్నాను. రోజంతా గీసినా నువ్వు వేసిన వేళ్లే కళ్లముందుకొచ్చాయి. అమ్మ వేళ్లు ఎలా ఉండేవో నాకు గుర్తులేదు.

ఉడుత