హోస్టా మీది గొంగడి

షాద్‌నగర్

బాపూ, ఇక్కడ అందరం మంచిగున్నాం, ఫికర్ పెట్టుకోకు.

నర్సరీ నుంచి హోస్టా అనే మొక్క తెచ్చాను. చామాకులంత ఆకులు, ఎండ తగిలితే మాడిపోతాయి. అందుకే అత్తగారింటికి వచ్చేనాడు నువ్వు నా భుజాన వేసిన గొంగడిని దానికి పందిరిలా కట్టాను. "మనుషులు గప్పుకునేది చెట్టుకు గప్పినవా?" అని అత్తమ్మ ఒకటే నవ్వు.

నిన్న జల్లు పడింది. వెలిసినంక మొక్క పక్కన కూర్చుంటే, తడి గొంగడి వాసనకు అక్కడే కునుకు పట్టింది. కలలో గుట్టంతా మన గొర్రెలే. ముందు నువ్వు వానలో నడుస్తున్నావు, నెత్తి మీద ఏమీ లేదు. లేచేసరికి మొక్కకు కొత్త ఆకు విచ్చుకుంటోంది.

నల్లమేక ఈనిందా? వచ్చేవాళ్లతో కొంచెం గొర్రెల ఎరువు పంపు. అవ్వ కాళ్లకు మొక్కినట్టు చెప్పు.

మన మోత్కూర్ దిక్కు వానలు పట్టినయంట గదా. నిజం చెప్పు బాపూ, నాకిచ్చినంక నీకింకో గొంగడి ఉన్నదా?

నీ బిడ్డ
నాగరాణి