కానుకగా వచ్చిన ఎండుద్రాక్ష

ఆదివారం.

ఇవాళ ప్రభు బల్ల దగ్గర నేను కాచిన ద్రాక్షారసమే చర్చిలో అందరూ తాగారు. ముసురుకి ఎండుద్రాక్ష సంచి అడుగున నల్లగా బూజు పట్టింది. చర్చికి కానుకగా వచ్చినదాన్ని చెత్తలో ఎలా పోస్తాను? కడిగి, ఎండబెట్టి, కాచాను.

మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆ మాట చెబితే, కాకినాడలో ల్యాబులో పనిచేసే మా చెల్లెలి కూతురు సునీత తినడం ఆపేసింది.

"కాస్తే బూజు చస్తుంది గానీ, అది వదిలిన విషం పోదు పెద్దమ్మా. కిడ్నీలకి మంచిది కాదు. ఎంతుందో టెస్ట్ చేస్తేగానీ తెలీదు. పాస్టరుగారికి చెప్పెయ్."

పాస్టరుగారి గుమ్మం దాకా వెళ్లాను. వందనాలు చెప్పి వెనక్కొచ్చేశాను. అమ్మ తర్వాత ఈ రసం కాచే పని నా చేతికొచ్చి ఇరవై ఏళ్లు. ఏ నోటితో చెప్పను?

మిగిలిన సీసా ఆయన దగ్గరే ఉంది. చర్చికి రాలేని రోగుల ఇళ్లకు రేపు పొద్దున్నే పట్టుకెళ్తారు. మొదటి ఇల్లు డయాలసిస్ మీదున్న మా అన్నయ్యది. ప్రభువా, తెల్లారేలోపు నాకు నోరియ్యి.

సాయంత్రం అన్నయ్యే ఫోన్ చేశాడు. "నీళ్లు కూడా కొలిచి ఇస్తున్నారమ్మా. రేపు నీ రసం మాత్రం ఇంకో గుక్క పొయ్యమని పాస్టరుగారితో చెప్పు."

"అలాగే అన్నయ్యా" అన్నాను.