పచ్చమచ్చల రాయి

మేనకోడలికి మేనమామ దీవెనలు.

నీకు ఊహ తెలియని రోజుల్లో మీ నాన్న నాకొక మాట ఇచ్చాడు. "ఒరే బావమరిదీ, మీ కొండ రాళ్ళు ఓ లారీడు పంపు. పరీక్ష చేయించి, రాగి ఉంటే డ్రిల్లింగు వేయిస్తా" అన్నాడు. అప్పట్లో గనుల ఆఫీసులో ఆయన మాటకి తిరుగులేదు. పంపాను. నెల తిరక్కుండా, "పైపై మచ్చలే, లోపల సరుకు లేదు" అని రాసి చేతులు దులుపుకున్నాడు. మా కాలేజీలో నాకు 'రాగి మాస్టారు' అని పేరు పడింది. భూగర్భశాస్త్రం చెప్పి చెప్పి నేను రిటైరయ్యాను, ఆ పేరు కాలేదు.

నువ్విప్పుడు ఉపగ్రహ చిత్రాల్లో ఖనిజాలు వెతికే ఆఫీసులో ఉన్నావట. మా కొండనొకసారి చూసిపెట్టు. అక్కడ ఏరిన రాయొకటి, రాగి చిలుములా పచ్చమచ్చలున్నది, పార్సెల్లో పంపుతున్నాను. నా కళ్ళు మూతపడేలోపు ఈ సంగతి తేలాలి.

మీ నాన్నతో మాట్లాడని
మామయ్య

తా.క. అక్కని అడిగానని చెప్పు. ఆ మనిషితో ఎలా వేగుతోందో!

*

మామయ్యకి నమస్కారం.

రాయి అందింది. కొండ చిత్రం పంపుతున్నాను, చూడు. ఈ ఏడాది ఎక్కడెక్కడ డ్రిల్లింగు వేయాలో మా ఆఫీసువాళ్ళు నెలాఖరుకి తేలుస్తారు. నీ కొండని అందులో చేర్పించాలని నా తాపత్రయం.

ఇట్లు
నీ మేనకోడలు

తా.క. అక్షరాలు వంకరపోతే ఏమనుకోకు. పెరట్లో పాత సిమెంటు పగలగొట్టించాం, ఇంకా చదును చేస్తున్నారు. బల్ల అదురుతోంది.

*

అమ్మాయికి,

చిత్రంలో కొండంతా ఎర్రగా ఉంది! నిప్పంటుకుందనుకుని చెప్పులైనా లేకుండా వీధిలోకి పరిగెత్తాను. కొండ పచ్చగా, నిక్షేపంలా ఉంది. నా మోకాలే బాగాలేదు. ఉన్నదాన్ని ఇంకోలా చూపించడం మీ నాన్న దగ్గర బాగానే నేర్చుకున్నావు.

కుంటుతూ
మామయ్య

*

మామయ్యా,

ఆ ఎరుపు ఆకులది. కంటికి కనబడని వెలుగొకటి ఆకుల మీంచి తిరిగి పైకి పోతుంది. దాన్ని ఎరుపుగా చూపిస్తాం. చెట్టు ఎంత ఆరోగ్యంగా ఉంటే అంత ఎరుపు. కొండ తూర్పు గట్టు మీద మాత్రం రంగు వెలిసింది. నేలలో లోహం ఎక్కువైతే చెట్లు అలా నీరసించొచ్చు. నీళ్ళు చాలకపోయినా నీరసించొచ్చు, అదే చిక్కు.

ఇక రాయి సంగతి. ఒక్కో ఖనిజం ఎండని ఒక్కో తీరున తిప్పికొడుతుంది. నీ రాయి తీరు కొలిచి, అలాంటిది ఇంకెక్కడుందో ఈమధ్య తీసిన చిత్రాలన్నిట్లో వెతికించాను. కొండ మీద చెట్లు అడ్డమొచ్చి ఏమీ కనబడలేదు. ఇక్కడ, మా పేట వైపు, ఒక్కచోట దీపంలా వెలిగింది! రేపు దారి చూపే పరికరం పట్టుకుని వెళ్తున్నాను.

కోప్పడకు మామయ్యా, ఆ రాయి కొండ మీద ఏరిందేనా? మా ఆఫీసు పెద్దాయన అడుగుతున్నారు. తేలకపోతే కొండని వదిలేస్తారు.

భయపడుతూ
మేనకోడలు

*

అమ్మాయీ,

తూర్పు గట్టు మీద చెట్లు గిడసబారాయని నేను అరికాళ్ళు అరిగేలా తిరిగి కనుక్కున్నాను. అంత ఎత్తున ఉండి మీ ఉపగ్రహం ఎలా చూసిందే! నేను చదివిన పుస్తకాలన్నీ రాయిని సుత్తితో కొట్టి చూడమన్నాయి. ఇది రాయిని ముట్టుకోకుండానే పలకరిస్తోంది. దానికి నా దండం.

నీకు మాత్రం కాదు. నేను రాయి మార్చానా? ముసలాణ్ణి దొంగని చేస్తారా, తండ్రీ కూతుళ్ళు?

మండిపడుతూ
మామయ్య

తా.క. మీ పేటలో రాగా? ఎవరో గిన్నెలు ఆరబెట్టుకుని ఉంటారు.

*

మామయ్యకి వెయ్యి దండాలు.

పరికరం చూపిన దారినే నడిచాను. సందు తిరిగాను, గేటు తీశాను. మా ఇల్లే! సిమెంటు లేచిపోయిన పెరటి నిండా పచ్చమచ్చల రాళ్ళు. ఇన్నాళ్ళూ దుమ్ముకి జడిసి నేనటు తొంగైనా చూడలేదు. వాటి మీద కుర్చీ వేసుకుని నాన్న.

నిలదీశాను. చాలాసేపు నసిగి చెప్పారు. నీ లారీ వచ్చిన రోజు ఆయన ఊళ్ళో లేరట. "బురద తొక్కలేక చస్తున్నానని నా తమ్ముడు రాళ్ళు పంపాడు" అని అమ్మ మురిసిపోయి, తాపీమేస్త్రీని పిలిచి పరిపించేసిందట. నాన్న వచ్చేసరికి పైన సిమెంటు కూడా ఆరిపోయింది. "మీ అమ్మ పేరు ఎలా బయటపెట్టనే?" అన్నారు. అందుకే నీకలా రాశారట.

రాళ్ళు పరీక్షకి పంపాం. లోపల సరుకుంది మామయ్యా! తూర్పు గట్టు మీద డ్రిల్లింగు ఖాయమైంది. లోతున ఎంతుందో అప్పుడు తెలుస్తుంది.

ఎగిరి గంతేస్తూ
మేనకోడలు

తా.క. రాళ్ళు తీసిన చోట మళ్ళీ బురదగా ఉందట. ఇంకో లారీ పంపుతావా అని అమ్మ అడగమంది.

*

నా బంగారుతల్లికి,

నీ ఉత్తరం చదివి కళ్ళజోడు తుడుచుకున్నాను. కళ్ళు కూడా. నన్ను నమ్మడానికి ఆకాశంలోంచి ఉపగ్రహం తొంగిచూడాల్సి వచ్చింది, దాన్ని చూడమని అడగడానికి నువ్వు పుట్టాల్సి వచ్చింది. ఇద్దరూ చల్లగా ఉండండి. ఈసారి మా కాలేజీ మీదుగా వెళ్ళేటప్పుడు నా తరఫున కాస్త వెక్కిరించి పొమ్మని దానికి చెప్పు. డ్రిల్లింగు రోజున గట్టు కింద నాకొక కుర్చీ వేయించు.

ఇంకో లారీ పంపుతానని అక్కతో చెప్పు. ఈసారి ఉత్త రాళ్ళు.

ఎప్పటికీ
రాగి మాస్టారు

తా.క. అక్కని ఎవరూ ఒక్క మాట అనొద్దు. పెరడు బాగుచేయించమని పెళ్ళాం ఎన్నిసార్లు మొత్తుకుంటే వింటాడు ఒక మొగుడు? బాగా ఆలోచించే రాస్తున్నాను, తప్పు ముమ్మాటికీ మీ నాన్నదే.