పొయ్యి మీద అతికించిన ప్రార్థన

జూన్ 16, సోమవారం. ఉదయం 11.
డబ్బు పడింది! పేద ఇళ్లకి సర్కారు నెలనెలా డబ్బు వేసే బోల్సా కార్డు, నాదాని నెంబరు చివర ఒకటి, అందుకే ప్రతి నెలా ఊళ్లో అందరికంటే ముందు నాకే. చివర రెండున్న వాళ్లకి రేపు, మూడున్న వాళ్లకి ఎల్లుండి. సున్నా వాళ్లకి ముప్పయ్యో తారీఖున. దేవుడు నాకు అందం ఇవ్వలేదు గానీ మంచి అంకె ఇచ్చాడు.

ఈ నెల ఒట్టు. జుసారాకి కళ్లజోడు కొనాల్సిందే! పదేళ్ల పిల్ల, బోర్డు కనిపించక పక్కవాళ్ల పుస్తకంలో చూసి రాస్తుంది. వాళ్లు "గుడ్డి కోడీ" అని ఏడిపిస్తున్నారని పోయిన నెల ఆరు రోజులు బడి ఎగ్గొట్టింది. హాజరు తగ్గితే కార్డులో డబ్బు ఆపేస్తారు. అది ఆగితే మా పొయ్యిలో పిల్లి లేవదు.

బియ్యం, బీన్స్, నూనె, కాఫీ, గ్యాసు కొన్నాను. కళ్లజోడుకి నూట యాభై రెయాళ్లు తీసి కర్రపెండలం పిండి డబ్బాలో, అడుగున దాచాను. పొయ్యి పైన గోడకి పెద్ద అక్షరాలతో కాగితం అతికించాను:
1. ఎవరికీ కాఫీ పొడి ఇవ్వకూడదు.
2. ఎవరు చచ్చినా పిండి డబ్బాలో చెయ్యి పెట్టకూడదు.
3. జెఫాకి అసలే ఏమీ ఇవ్వకూడదు.

మా ఆయన నివాల్దో చదివి, "నాలుగోది కూడా రాయవే. మొగుడికి కూడా ఇవ్వకూడదని" అన్నాడు. రాశాను.

సాయంత్రం 4.
జెఫా వచ్చింది. జుసారాని బాప్తిస్మంలో ఎత్తుకున్న జ్ఞానతల్లి, నాకు పక్కింటి పీడ. అంకె సున్నా.
"ఆ కాగితమేంటి వదినా?"
దానికి చదువు రాదు. "పునీత లూసియమ్మకి ప్రార్థన. పిల్ల కళ్ల కోసం" అన్నాను. గబగబా శిలువ గుర్తు వేసుకుంది. నాకు కొంచెం సిగ్గేసింది. కొంచెమే.

జూన్ 17, మంగళవారం. ఉదయం 6.
కిటికీలన్నీ మూసి, తలుపు సందులో గోనెపట్టా కుక్కి, కాఫీ కాచాను. వాసన బయటికి పోకూడదు కదా! నివాల్దో చెమటలు కక్కుతూ, "కాఫీ తాగుతున్నామా, దొంగసారా కాస్తున్నామా?" అన్నాడు. మగాళ్లకి ముందుచూపు ఉండదు.

ఉదయం 10.
ఎదురింటి ఒవీదియో తాత గుమ్మంలో కూర్చుని రెండు గంటలు వాన గురించి మాట్లాడాడు. అంకె తొమ్మిది. ఆయన ఏమీ అడగలేదు. నేనూ ఏమీ ఇవ్వలేదు. విజయం!

జూన్ 18, బుధవారం.
జెఫా కప్పు పట్టుకుని వచ్చింది. చెవి విరిగిన నీలం కప్పు, ఊరంతా ఎరుగును దాన్ని. నోరు తెరవకముందే "కాఫీ అయిపోయింది జెఫా" అనేశాను.
"నేనేం అడగలేదుగా వదినా!"
గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నది నేనే. అది గోనెపట్టా వైపు చూసి, గాలి పీల్చి, "పిల్ల జోడుకి ఎంతవుతుందన్నారు?" అంది. నూట యాభై అన్నాను. మాట మార్చడంలో ఆరితేరిన మనిషి. పోతూ పోతూ కాగితానికి దణ్ణం పెట్టింది.

నిన్న దాన్ని అదే కప్పుతో రెండో అంకె వాళ్ల గుమ్మంలో చూశాను. ఇవాళ మూడో అంకె వాళ్లింట్లో. ఒక్క ఆడమనిషికి ఎంత కాఫీ కావాలమ్మా!

జూన్ 20, శుక్రవారం.
జెఫా గ్యాసు అయిపోయింది. పచ్చి కట్టెలతో వండుతోంది. పొగకి దగ్గు. పొద్దున్నుంచి దగ్గుతూనే ఉంది. మధ్యాహ్నం గ్లాసెడు నూనె, రెండు గుప్పెళ్ల బీన్స్, కొంచెం కాఫీ పొడి పట్టుకెళ్లి ఇచ్చాను. ఇది దానం కాదు, నా చెవుల కోసం పెట్టిన ఖర్చు. అయినా నియమాల్లో దగ్గు గురించి ఎక్కడా రాయలేదు.

డబ్బా ముట్టలేదు. అదే అసలు సంగతి.

జూన్ 21, శనివారం. సంత.
కళ్లజోళ్ల మనిషి జుసారా కళ్లు పరీక్ష చేశాడు. ఇనప చట్రంలో అద్దాలు మార్చి మార్చి పెట్టాడు. పిల్ల తలెత్తి, "అమ్మా! చర్చి గడియారానికి ఒక్కటే ముల్లుంది!" అని అరిచింది. పుట్టినప్పటి నుంచి ఆ గడియారం కింద తిరుగుతున్నాను, నేనెప్పుడూ గమనించలేదు.

వచ్చే శనివారం జోడు తెస్తాడు. డబ్బు చేతిలో పెడితేనే ఇస్తాడట. పెడతానయ్యా!

జూన్ 22, ఆదివారం.
ఒవీదియో తాత కళ్లు తిరిగి గుమ్మంలోనే పడిపోయాడు. బీపీ మాత్రలు అయిపోయి నాలుగు రోజులైందట, ఎవరికీ చెప్పలేదు. టౌనుకి జీపు, మాత్రలు. డబ్బాలోంచి అరవై తీశాను. "ఎవరు చచ్చినా" అని కదా రాసుకున్నాను. ఆయన ఇంకా చావలేదు.

శుక్రవారం ఆయనకి డబ్బు పడగానే తిరిగి పెట్టేస్తాను.

జూన్ 23, సోమవారం. యోహాను పండుగ ముందు రోజు.
ఇంటింటి ముందూ మంట. మంట అన్నాక మొక్కజొన్న, కొబ్బరి, చక్కెర ఉండాలి. వచ్చినవాళ్ల మొహాన తలుపు వేస్తామా? బడిలో డాన్సుకి జుసారా గౌనుకి లేసు కావాలి. డాన్సుకి వెళ్లకపోతే అదీ గైర్హాజరే కదా (అనుకుంటున్నాను). నివాల్దో సీసా తెచ్చాడు. ఏ డబ్బుతో అని అడగలేదు. నాకూ ఒక గ్లాసు పోశాడు.

జూన్ 24, మంగళవారం.
తలనొప్పి. డబ్బా బోర్లించి దులిపాను. పిండి. ముక్కు నిండా పిండి. డబ్బు లేదు.
తప్పు ఎవరిది?
యోహానుది. తాత బీపీది. నివాల్దోది. నాకు ఒకటో అంకె ఇచ్చిన ఆఫీసు వాళ్లది.

జూన్ 26, గురువారం.
జుసారా ఇవాళ బడికి వెళ్లలేదు. "శనివారం జోడు వస్తుంది కదమ్మా, సోమవారం నుంచి రోజూ వెళ్తాను, ఒట్టు" అంది. ఒట్లు వేయడం నా దగ్గరే నేర్చుకుంది. నిజం చెప్పలేకపోయాను. కోళ్ల గూడు వెనక్కి పోయి ఏడ్చాను.

జూన్ 27, శుక్రవారం. మధ్యాహ్నం 3.
తాతకి డబ్బు పడింది! పరిగెత్తాను.
"నీ అరవై జెఫాకి ఇచ్చేశానమ్మా" అన్నాడు.
"నా డబ్బు జెఫాకా?"
"కప్పు పట్టుకొచ్చింది. అందులో వేశాను."
నడుం బిగించి జెఫా ఇంటికి పోయాను. తాళం. తలుపుని నాలుగు తిట్లు తిట్టి వచ్చాను. రేపు అది కనబడనీ!

జూన్ 28, శనివారం. ఉదయం 9. సంత.
కనబడింది. కళ్లజోళ్ల మనిషి బల్ల ముందు, మాకంటే ముందే నిలబడి ఉంది. కప్పు బోర్లించింది. మడతల నోట్లు, చిల్లర, నా అరవై.
"ఇదెక్కడిదే?"
"రెండో అంకె నుంచి తొమ్మిదో అంకె దాకా, ఎవరికి పడిన రోజు వాళ్ల గుమ్మం ఎక్కాను. ఊరికే ఉండమంటావా, నేను జ్ఞానతల్లిని కాదూ? ఎంత కావాలో కనుక్కుందామని నీ గుమ్మానికీ వచ్చాను వదినా. నువ్వు కాఫీ అయిపోయిందన్నావు."
జోడు కొన్నాం. రెండు రెయాళ్లు మిగిలాయి.

సాయంత్రం 5.
కిటికీలన్నీ బార్లా తీసి కాఫీ కాచాను. జెఫా, తాత, నివాల్దో బల్ల దగ్గర కూర్చున్నారు. జుసారా గుమ్మంలో నిలబడి, కొత్త జోడు సర్దుకుంటూ, కనిపించిన ప్రతి అక్షరమూ చదువుతోంది. చక్కెర సంచి. క్యాలెండరు. తర్వాత పొయ్యి పైన గోడ.
"ఒకటి. ఎవరికీ కాఫీ పొడి ఇవ్వకూడదు."
"జుసారా, చాలు!"
"రెండు. ఎవరు చచ్చినా పిండి డబ్బాలో చెయ్యి పెట్టకూడదు. మూడు. జెఫాకి అసలే ఏమీ ఇవ్వకూడదు."
జెఫా కప్పు కింద పెట్టింది.
"ఇదేనా లూసియమ్మ ప్రార్థన?"
నేను తల దించుకున్నాను.
"పన్నెండు రోజులు నా పేరుకి నేనే దణ్ణం పెట్టానా వదినా?"
తాత దగ్గాడు. నివాల్దో నవ్వు ఆపుకోలేక బయటికి పోయాడు. జెఫా కాగితాన్ని చూసింది, గుమ్మంలో ఉన్న పిల్లని చూసింది.
"సర్లే. అంత దూరం నుంచి చదివేసింది కదా. ప్రార్థన ఫలించినట్టే. ఇంకో కప్పు పట్టుకురా."

జూన్ 30, సోమవారం.
జుసారా బడికి వెళ్లింది. పిలవకుండా లేచి వెళ్లింది.
ఇవాళ సున్నాకి డబ్బు పడింది. జెఫా గ్యాసు కొని, అర కిలో కాఫీ తెచ్చి నా బల్ల మీద పెట్టింది. ఆ బండ మహా అయితే మూడు వారాలు వస్తుంది. సున్నాకి మళ్లీ డబ్బు పడేలోపు అది మళ్లీ పచ్చి కట్టెలూ, దగ్గూ.

అందుకే వచ్చే నెల ఒట్టు. గట్టి ఒట్టు! దాని గ్యాసుకి డబ్బు తీసి డబ్బాలో దాస్తాను. కొత్త నియమాలు రాశాను. ఈసారి గోడకి కాదు, డబ్బా లోపల అంటించాను. ఇంట్లో ఇప్పుడు చదివే పిల్ల ఉంది.
1. ఎవరికీ కాఫీ పొడి ఇవ్వకూడదు.
2. జెఫాకి అసలే ఇవ్వకూడదు.
3. ఎందుకో దానికి చెప్పకూడదు.