ముత్తవ్వకు పిట్టముద్ద

సిరిసిల్ల

'ఏడు కోటల వీరుడు' ఆట తయారుచేసిన కంపెనీ వారికి నమస్కారాలతో బాలమల్లు రాయునది.

మీ వెబ్‌సైట్‌లోని ఫిర్యాదు గడిలో ఈ విషయం పట్టలేదు, అందుకే ఉత్తరం. అసలు ఆట బాగుంది. కొని డౌన్‌లోడ్ చేసుకున్న అదనపు కథతోనే చిక్కొచ్చింది.

వీరుడిని సాకిన పడవ ముసలమ్మ ముత్తవ్వ మా ఆటలో జ్వరంతో చనిపోయింది. ఆ పూట నేను సాంచల మీద, అంటే మరమగ్గాల మీద, షిఫ్టులో ఉన్నాను. బీడీలు చుట్టుకుంటూ రోజూ ఆట చూసే మా అవ్వ మాత్రం, తెర మీది అక్షరాలు చదవడం రాకున్నా, ఆ చావు కళ్లారా చూసింది. అదనపు కథ తెరవగానే వీరుడు పెళ్లి విందులో కూర్చున్నాడు.

"తల్లికి దినాలు చెయ్యకుంట పెండ్లి బువ్వకు పోయిండా? బంజెయ్ దాన్ని!" అంది అవ్వ. ముత్తవ్వ దినాలయ్యేదాకా మా ఇంట్లో శుభకార్యం లేదట. మా చెల్లె సృజన పెళ్లి ఖాయం చేసే వరపూజ ఆగిపోయింది. దయచేసి కథలో పిట్టకు ముద్ద పెట్టించండి. కాకి ముద్ద ముడితే అవ్వ ఒప్పుకుంటుంది.

ఇట్లు,
బాలమల్లు

తా.క.: పోయినేడు సీరియల్‌లో మామ చనిపోతే వారందాకా మాకు కోడికూర లేదు. కనుక తొందరగా.

---

హైదరాబాద్

బాలమల్లు గారికి,

అదనపు కథ అభిమానులకు తృప్తినిచ్చిందా లేదా అని మేమూ ఆరా తీస్తున్నాం. ఇప్పటిదాకా అందరూ ఖడ్గాలు చాల్లేదన్నారు, కథ పొట్టిదన్నారు. కాకిని అడిగింది మీరొక్కరే. తాజా అప్‌డేట్‌లో చేర్చాం. ఆడి చూసి, అయిదింటికి ఎన్ని నక్షత్రాలో చెప్పండి.

మీ సేవలో,
భానుప్రసాద్, అభిమానుల విభాగం

తా.క.: అసౌకర్యానికి బదులుగా ఎగిరే గుర్రం ఉచితం.

---

సిరిసిల్ల

భానుప్రసాద్ గారికి,

కాకి వచ్చింది. ముద్ద దగ్గరికి రాగానే వీరుడు తనంతట తానే బాణం వేశాడు. 'శత్రువు హతం, ఈక లాభం' అని తెర మీద పడింది.

"ముద్ద ముట్టనీకి వచ్చిన పిట్టను సంపిండు! ఇగ ఏడాదిదాక లగ్గం మాట ఎత్తకుండ్రి!" అంది అవ్వ. హుజూరాబాద్ మగపెళ్లివారు ఫోన్ మీద ఫోన్. జర పరేషాన్‌లో ఉన్నాం సార్. సృజన మాత్రం అవ్వదే న్యాయమంటోంది. ముత్తవ్వ బొమ్మ ప్రింట్ తీయించి దండ కూడా వేసింది.

ఇట్లు దిక్కుతోచని,
బాలమల్లు

తా.క.: గుర్రాన్ని వాపసు తీసుకోండి. మైల ఇంట్లో గుర్రమెక్కి ఊరేగుతారా అని అవ్వ అడుగుతోంది.

---

హైదరాబాద్

బాలమల్లు గారికి,

కథ రాసిన నవనీత గారిని విచారించాం. మందు వీరుడి సంచిలోనే ఉంటుంది. ఇస్తే ముత్తవ్వ బతుకుతుంది. అదనపు కథలో ఆ పెళ్లికి పెద్ద ఆమే. మూడుసార్లు అడిగినా 'ఇవ్వను' అని నొక్కితేనే చనిపోతుంది. ఇంతకీ ఆ పూట ఆడింది ఎవరు?

మీ సేవలో,
భానుప్రసాద్

తా.క.: ముత్తవ్వకు జ్వరమొచ్చిన చోటు నుంచి మళ్లీ ఆడి, మందిస్తే చాలు.

---

సిరిసిల్ల

భానుప్రసాద్ గారికి,

ఆడింది సృజన. మీ ఉత్తరం అందరి ముందే చదివాను.

"మందు సంచిల వెట్టుకొని ముసల్దాన్ని సంపినవా?" అని అవ్వ బీడీల చాట పక్కకు నెట్టింది.

"గా సంబంధం నాకొద్దని మూడుసార్లు జెప్పిన. ఒక్కలు ఇన్లే. ముత్తవ్వ సచ్చినంకనే గదనే అవ్వా, అందరు ఆగిండ్రు" అంది సృజన.

 మరునాడు అవ్వే హుజూరాబాద్‌కు ఫోన్ చేసి సంబంధం వద్దని చెప్పింది. ఆ తర్వాత సృజన మందిచ్చింది. ముత్తవ్వ లేచి కూర్చుంది. మా ఇంట్లో కోడికూర వండారు.

నక్షత్రాలు అడిగారు. సృజన అయిదూ ఇమ్మంది.

ఇట్లు కడుపునిండిన,
బాలమల్లు

తా.క.: అవ్వ ఒకటి కోసేయమంది. మీ అదనపు కథలో పెళ్లికూతురిని ఇష్టమేనా అని ఎవరూ అడగలేదట.