మూడు అంకెల లూజు

చిట్టితల్లికి నాన్న వేలవేల దీవెనలు. ఇక్కడ నేనూ మీ అమ్మా బాగానే ఉన్నాం. బాగానే ఏమిటి, నేనైతే గాల్లో తేలుతున్నాను! నీ మోచెయ్యి ఎలా ఉందో, అల్లుడుగారూ పిల్లలూ ఎలా ఉన్నారో రాయి.

ముందు సంతోషం చెప్పనీ తల్లీ. నిన్న మన కుట్టుకొట్లో పెద్ద ఇస్త్రీపెట్టె కుడిచేత్తో ఎత్తాను! భుజం ఆపరేషనయి ఆరు వారాలే. మీ అమ్మ చూసి, "ఎవరండీ మీరు, మా ఆయన ఏడీ?" అని వేళాకోళం. మూడేళ్ల తర్వాత నా చేత్తో నేను కాలరు ఇస్త్రీ చేశాను. ఏడుపొచ్చిందంటే నమ్ము.

నాకిచ్చిన మత్తు పాతదా కొత్తదా అని అడిగావు. నాకే అర్థం కాలేదమ్మా. మెడ పక్కన సూది వేశారు, చెయ్యి కొయ్యముక్కలా మొద్దుబారింది. అదేదో పరిశోధనట. సగం మందికి మామూలు మందు, సగం మందికి మొద్దు ఎక్కువసేపు ఉండేలా ఇంకోటి కలిపి. ఎవరికేదో మాకూ చెప్పరు, సూది వేసిన మత్తు డాక్టరమ్మకీ చెప్పరు!

"వేసింది మీరేగా, మీకు తెలియకపోవడమేమిటండీ?" అన్నాను.

"తెలిస్తే మన ఆశలు అంకెల్లో దూరతాయి తాతగారూ. నొప్పి ఎంతుంటే అంత రాయండి, చాలు," అంది.

నాలుగు గంటలకోసారి, సున్నా నుంచి పది దాకా ఎంత నొప్పో రాయమని పుస్తకం ఇచ్చింది. మీ అమ్మ నీకు ఫోన్లో చదివి వినిపించింది ఆ పుస్తకమే. "అన్నీ ఐదులూ ఆర్లూ, ఒకచోట తొమ్మిది కూడా. అంత నొప్పి నావల్ల కాదు నాన్నా, ఆపరేషన్ వద్దని చెప్పేశాను" అని నువ్వు రాసింది చదివాను. ఆలస్యమైతే మోచెయ్యి బిగుసుకుపోతుందని మీ డాక్టరు అన్నాడని కూడా నువ్వే రాశావు.

ఇక దాచలేను. ఆ అంకెలు నిజం కావమ్మా.

నలభై ఏళ్లు బడిపిల్లలకి బట్టలు కుట్టినవాణ్ణి. ఒంటి కొలత ఉన్నదున్నట్టు ఏనాడు రాశాను? పిల్లాడు పెరుగుతాడని మూడు వేళ్లు లూజు కలిపే రాస్తాను. ఆ పుస్తకం ముందు పెట్టేసరికి చెయ్యి అలాగే పోయింది. రెండుంటే, సాయంత్రానికి పెరుగుతుందేమోలే అని ఐదేశాను. మూడుంటే ఆరు. మొద్దు విడిచిన పూట మాత్రం నిజంగానే ఆరు, అమ్మా అని అరిచాను. మాత్ర వేసుకున్న గంటకి తగ్గింది. దానికి తొమ్మిదేశాను.

ఈ ఉదయం వెళ్లి డాక్టరమ్మకి అంతా చెప్పేశాను. ముందు పకపకా నవ్వింది, తర్వాత నవ్వు ఆపేసి తల పట్టుకుంది.

"అన్నిట్లోంచీ మూడు కొట్టేయండి, సరిపోతుంది," అన్నాను.

"అలా కొట్టెయ్యకూడదు తాతగారూ. మీరు చెప్పింది పక్కన రాసి పరిశోధన చూసేవాళ్లకి పంపుతాను. మీ పుస్తకం ఉంచాలో తీసెయ్యాలో వాళ్లు చూసుకుంటారు."

"పోనీ, మా అమ్మాయిని చేయించుకోమననా?"

"మీ భుజం వేరు, ఆవిడ మోచెయ్యి వేరు. మొద్దు విడిచేలోపే మాత్ర ఇస్తారా అని అక్కడి మత్తు డాక్టర్ని అడగమనండి."

నాకు హాయిగా ఉంది. అది కలిపిన మందు గొప్పో, కలపని మందు గొప్పో, నా ఒంటి తత్వమో తెలియదు. నీకేం చెప్పాలో అంతకన్నా తెలియదు. చేయించుకో అంటే మళ్లీ నా కొలతే నీకు తొడిగినవాణ్ణవుతానేమో. ఆ డాక్టర్ని అడక్కుండా వద్దనకు తల్లీ, బతిమాలుతున్నాను.

గురువారం బస్సుకి వస్తున్నాను. నువ్వు సరేనంటే ఆస్పత్రిలో నీ పక్కన కూర్చుంటాను. కాదంటే నీతో పోట్లాడతాను.

ఇట్లు,
కొలత తప్పిన మీ నాన్న